జేజినాయన గడియారం: మరమ్మతుకు ముందు

మా ఇంటి నడవలో ఒక గోడ గడియారం ఉన్నది. జేజినాయన ప్రొద్దుటూరులో కొన్నది. ముఖఫలకం మీద ఎనిమిది కోణాల నక్షత్రం, నడుమ 'జె' అనే అక్షరం. అంటే జర్మనీలోని ష్రాంబెర్గ్ పట్టణంలో యుంగ్‌హాన్స్ వారి కర్మాగారపు సరుకన్నమాట. 1903 నాటికి మూడు వేల మందికి పైగా పనివాళ్ళతో లోకంలోకెల్లా పెద్ద గడియారాల కర్మాగారం అదే. ఆ సరుకు మన రేగడి నేలల దాకా వచ్చిందంటే వింతేమీ లేదు. 1871 నాటికే మద్రాసు నుండి కడప మీదుగా రాయచూరు వరకు రైలు నడిచింది. రైలు వెంట గడియారమూ వచ్చింది.

పోయిన ఏడు అది ఆగిపోయింది. ఒక కొట్టుకు తీసుకువెళితే, "ఇంగ దీంట్లో పని లేదు సార్. లోపలిదంతా ఎత్తేసి క్వార్ట్జ్ మిషన్ పెడితే పదేండ్లు చూడబన్లేదు" అన్నారు. ఆ మాటలో దురుద్దేశం లేదు. మన ఊళ్ళలో ఎన్నో పాత గడియారాలకు పట్టిన గతి అదే. పైకి టేకు పెట్టె, లోపల బ్యాటరీ, కేవలం అలంకారానికి ఊగే లోలకం. సరేననబోయి ఆగాను. ఆగడానికి కారణం చెప్పాలంటే, అంతకు ముందు నేనే చేసిన ఒక తప్పును ఒప్పుకోవాలి.

పెట్టె లోపలి చెక్క మీద జేజినాయన పెన్సిలుతో రాసుకున్న వరుసలు కొన్ని ఉండేవి. రోహిణి కార్తెలో మర పైకి తిప్పవలెనని, ధనుర్మాసంలో కిందికని. పదిహేనేళ్ళ క్రితం పెట్టెకు పాలిష్ పట్టిస్తూ ఉప్పుకాగితంతో లోపల కూడా రుద్దించాను. శుభ్రంగా ఉందని సంతోషించాను కూడా. ఇప్పుడు మిగిలింది సగం వాక్యం.

ఆ రాతలో చాదస్తమేమీ లేదు, లెక్క ఉంది. లోలకం కడ్డీ వేడికి సాగుతుంది. సాగితే ఊపు నెమ్మదిస్తుంది. ఇనుప కడ్డీ అయితే ఒక్క డిగ్రీ సెంటీగ్రేడుకు రోజుకు అర సెకను వెనుకబడుతుంది. కడపలో ధనుర్మాసపు చలికీ రోహిణి ఎండకీ ఇరవై డిగ్రీల తేడా వేసుకున్నా, రోజుకు పది సెకన్లు, నెలకు ఐదు నిమిషాలు. అందుకే ఎండాకాలంలో లోలకపు బిళ్ళను కాస్త పైకెత్తాలి. ఇది ఆయనకు పుస్తకాలు నేర్పిన సంగతి కాదు, స్టేషను గడియారంతో సరిచూసుకుంటూ పట్టుకున్న సంగతి.

ఆ స్టేషను గడియారానికీ ఒక కథ ఉంది. అప్పట్లో రైళ్ళు నడిచినది మద్రాసు కాలమానం మీద. అది గ్రీనిచ్ కంటే ఐదు గంటల ఇరవైయొక్క నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుండి దేశమంతటికీ ఐదున్నర గంటల లెక్క వచ్చింది. నిజానికి కర్నూలులో పొద్దు నడినెత్తికి వచ్చేది ఈ లెక్కకు సగటున పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా, కడపలో పదిహేను నిమిషాలు ఆలస్యంగా. పొద్దును చూసి కాలం చెప్పేవారికి గడియారం ఎప్పుడూ తొందరపడేదే.

ఇక ఏది ముందు కాపాడాలన్న ప్రశ్న. గడియారం ఆడాలా, ఉన్నది ఉన్నట్టు ఉండాలా? రెండూ కావాలంటాం, కానీ ఆడే కొద్దీ అది అరుగుతుంది. గ్రీనిచ్ అబ్జర్వేటరీలో జాన్ హారిసన్ చేసిన మొదటి మూడు సముద్ర గడియారాలను నడుపుతారు, వాటికి నూనె అక్కరలేదు. నాలుగోదానికి నూనె కావాలి కాబట్టి దాన్ని నిలిపి ఉంచారు. ఇంగ్లండులోనే సాలిస్‌బరీ చర్చిలోని గడియారం 1386 నాటిదంటారు. తరువాతి కాలంలో దానికి లోలకం అమర్చారు. 1956లో ఆ లోలకాన్ని తీసేసి, మొదట ఉండి ఉంటుందనుకున్న పద్ధతిలో మళ్ళీ కట్టారు. తొలి రూపం తిరిగి వచ్చిందని కొందరికి తృప్తి. నాకు మాత్రం పోయిన ఆ లోలకమూ చరిత్రే కదా అనిపిస్తుంది. మరోవైపు మన సాలార్‌జంగ్ మ్యూజియంలో, కుక్ అండ్ కెల్వీ వారి ద్వారా వచ్చిన గడియారం ముందు జనం గంట కొట్టే వేళకు కాచుకుని కూర్చుంటారు. ఆ గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట మోగించకపోతే అక్కడ చూడడానికేముంది? కాబట్టి ఒకే సూత్రం అన్నిటికీ పనికిరాదు.

చివరికి ఒక వృద్ధ కారీగరు దొరికారు. ఆయన విప్పుతుంటే ప్రతి మెట్టూ ఫోటో తీశాను. మా గడియారాన్ని చెరిపింది వయసు కాదు, ప్రేమ. ఎవరో కొబ్బరినూనె పోశారు. అది ఇరవై నాలుగు డిగ్రీలకు దిగితే పేరుకుంటుంది. మునుపు చలికాలం తెల్లవారుజామున అది నిలిచిపోవడానికి కారణం అదేనట. దానికి నాపరాళ్ళ దుమ్ము తోడైతే సానరాయే. ఆశ్చర్యమేమంటే, మెత్తని ఇత్తడి రంధ్రం కంటే గట్టి ఉక్కు ఇరుసే ఎక్కువ తినిపోయి ఉంది. దుమ్మురేణువు ఇత్తడిలో గుచ్చుకుని ఉక్కును కోస్తుందని ఆయన వివరించారు. రెండు రంధ్రాలకు బుష్షులు వేసి, ఇరుసుల కొనలను నునుపు చేసి, అక్కడ మాత్రం సూదిమొనంత నూనె పెట్టారు, పళ్ళకు పెట్టలేదు. ముఖఫలకం మీది పసుపుదనాన్ని ముట్టనివ్వలేదు. విరిగిన పాత స్ప్రింగును పొట్లం కట్టి పెట్టెలోనే ఉంచాము.

వెనుక పలక మీద చిన్న గీతలు మూడు చోట్ల కనిపించాయి. పాత రిపేరీవాళ్ళు గీకిన తారీఖులు, ఒకటి తెలుగు అంకెల్లో. ఆయన సూది చేతబట్టి అడిగారు:

"నేను గూడా గీకేదా సార్?"

ఇప్పటి పద్ధతి ప్రకారం గీకకూడదు. కానీ ఆ మూడు గీతలనే నేను అపురూపంగా చూస్తున్నాను. కాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చాను. తారీఖు, చేసిన పని, వేసిన నూనె పేరు రాసి, ఆయన ఆ కాగితాన్ని మడిచి జేజినాయన సగం వాక్యం పక్కన పెట్టారు.