వెర్టిబ్రోబేసిలర్ ధమనుల అవరోధం

వెర్టిబ్రోబేసిలర్ ధమనుల అవరోధం అనగా మెదడు వెనుక భాగానికి రక్తాన్ని అందించే ధమనులు ఇరుకు కావడం లేదా పూర్తిగా మూసుకుపోవడం. రక్తనాళాలు మూసుకుపోవడం వలన వచ్చే పక్షవాతాలలో దాదాపు ఐదవ వంతు ఈ భాగానికి చెందినవే. చేయి, కాలు పడిపోకుండానే ఇది రావచ్చు. అందువలన దీనిని గుర్తించడంలో తరచు ఆలస్యం జరుగుతుంది.

నిర్మాణం

మెడ వెన్నుపూసల రంధ్రాల గుండా పైకి వెళ్ళే రెండు వెర్టిబ్రల్ ధమనులు పుర్రె లోపల కలిసి బేసిలర్ ధమనిగా ఏర్పడతాయి. మెదడు కాండానికి, చిన్నమెదడుకు, దృష్టికి సంబంధించిన వెనుక భాగానికి వీటి ద్వారానే రక్తం అందుతుంది.

కారణాలు

ధమని గోడలలో కొవ్వు పేరుకొనడం, గుండె నుండి రక్తపు గడ్డ కొట్టుకురావడం, మెడకు దెబ్బ తగిలి ధమని లోపలి పొర చీలడం ముఖ్య కారణాలు. అధిక రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం ప్రమాదాన్ని పెంచుతాయి.

లక్షణాలు

* అకస్మాత్తుగా తల తిరగడం, వాంతులు
* వస్తువులు రెండుగా కనిపించడం
* మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం
* నడకలో తూలిపోవడం

ముఖానికి ఒక వైపు, శరీరానికి మరొక వైపు నొప్పి, వేడి తెలియకపోవడాన్ని 1895లో అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ వర్ణించాడు. బేసిలర్ ధమని మూసుకుపోతే రోగి స్పృహ కోల్పోవచ్చు. కొందరిలో స్పృహ ఉన్నా కళ్ళు తప్ప మరేదీ కదపలేని స్థితి ఏర్పడుతుంది.

నిర్ధారణ

తొలి గంటలలో సి.టి. స్కాన్ మామూలుగానే కనిపించవచ్చు. ఎమ్.ఆర్.ఐ. దీనికంటే మెరుగైనది, అయినా మొదటి రోజు అది కూడా కొన్నిసార్లు వ్యాధిని చూపదు. యాంజియోగ్రామ్ ద్వారా మూసుకున్న చోటు తెలుస్తుంది.

చికిత్స

అర్హులైన రోగులకు, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు, గడ్డను కరిగించే మందును సిర ద్వారా ఇస్తారు. బేసిలర్ ధమని మూసుకున్నవారిలో తొడ లేదా మణికట్టు ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి గడ్డను బయటకు లాగుతారు. చైనాలో జరిగిన రెండు పరిశోధనల ఫలితాలు 2022లో వెలువడి ఈ పద్ధతి మేలు చేస్తుందని చూపాయి. వాటిలో ఒకదానిలో 24 గంటల వరకు వచ్చిన రోగులను చేర్చుకున్నారు. పుర్రె లోపలి ధమనులు ఇరుకైనపుడు స్టెంట్ కంటే మందులే సురక్షితమని 2011లో అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. స్కాన్‌లో రక్తస్రావం లేదని తెలిసిన తరువాతనే ఆస్పిరిన్ వంటి మందులు వాడతారు.

గ్రామీణ ప్రాంతాలలో జాగ్రత్తలు

గడ్డను తొలగించే వసతి పెద్ద ఆసుపత్రులలోనే ఉంటుంది. నెల్లూరు తీరంలోని చిల్లకూరు వంటి మండలాల నుండి రోగిని నెల్లూరు, తిరుపతి లేదా చెన్నై వైపు తరలించవలసి ఉంటుంది. తల తిరగడాన్ని ఎండదెబ్బ, పైత్యం అనుకొని మజ్జిగ తాగించి పడుకోబెడితే విలువైన సమయం పోతుంది. మింగలేని రోగికి నోటి ద్వారా ఏమి ఇచ్చినా ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. పై లక్షణాలు ఒక్కసారిగా కనిపిస్తే, అవి కొద్దిసేపటికి తగ్గినా, 108కు ఫోన్ చేయాలి. రోగి చివరిసారిగా మామూలుగా ఉన్న సమయాన్ని వైద్యునికి తెలియజేయాలి.