వెంగల్ సీమ తెలుగు కుటుంబములు, సంతాన నియమములు

వెంగల్ నేడు తమిళనాట తిరువళ్లూరు జిల్లాలోని గ్రామము. ఉత్తరముగా ఊత్తుకోట దాటినంతనే ఆంధ్రసీమ. ఈ ప్రాంతపు తెలుగువారికి ఆవలి పల్లెలతో వియ్యములును, పండుగ రాకపోకలును పూర్వమునుండి కలవు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడుట చేతను, 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ నిర్ణయానుసారము తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరుట చేతను, ఒకే వంశమువారు ఇరు ప్రభుత్వముల ఏలుబడిలో చీలిపోయిరి. ఇంట ఎందరు బిడ్డలుండవలెనను విషయమున సైతము చెరియొక శాసనమునకు లోబడవలసివచ్చెను.

సంతాన నిరోధవాదము మొదట ప్రభుత్వమునుండి వెలువడినది కాదు. 1920 దశకాంతమున చెన్నపట్టణమున వెలసిన నియోమాల్థూసియన్ లీగునందు న్యాయమూర్తి సర్ వేపా రామేశము ప్రముఖులు. అది విద్యావంతుల సభలలోని చర్చ, పల్లెల కెక్కలేదు. భారత ప్రభుత్వము 1952లో కుటుంబ నియంత్రణమును చేపట్టిన పిమ్మట, 1951 జనగణనకు అధిపతియైన ఆర్.ఎ. గోపాలస్వామి దానిని మదరాసు రాష్ట్రమున పట్టుదలతో నడిపించెను. 1959 నుండి వేసెక్టమీ చేయించుకొన్న బీదలకు ప్రభుత్వము 30 రూపాయలిచ్చుచుండెను. ఆనాటి కూలివానికి అది స్వల్పమైన సొమ్ము కాదు. మనుష్యులను తోడితెచ్చువారికిని ప్రతిఫలము ముట్టుచుండెను. తలకింతయని లెక్కకట్టిన చోట వైద్యమునకును వర్తకమునకును నడుమ గీత చెరిగిపోవుట సహజము.

ఆ గీత 1976లో పూర్తిగా చెరిగెను. నాడు తమిళనాట రాష్ట్రపతి పాలన. దేశమంతట అత్యవసర పరిస్థితి. 1976–77లో దేశమున 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగెను. ఎన్నికలలో ప్రజలు తీర్పు చెప్పిరి. కాని దాని ఫలము స్త్రీలపై బడెను. వేసెక్టమీ యనిన పురుషులు బెదరిపోగా, నాటినుండి "ఆపరేషను" అనుమాట యింటి ఆడవారిదే అయ్యెను. ఆంధ్రమున 2019–21 నాటికి వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతము మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే. పెక్కుమందికి అది 25 ఏండ్లు నిండకమునుపే జరిగినది. పురుషుల శస్త్రచికిత్స సులభతరమని వైద్యు లెంత చెప్పినను వినువారరుదు.

పిమ్మట సరిహద్దు కావల మరియొక శాసనము వచ్చెను. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, 1995 మే తరువాత మూడవ బిడ్డను కన్నవారిని స్థానిక పదవులకు అనర్హులను జేసెను. తమిళనాట అట్టి నియమము లేదు. అనగా వెంగల్ వాసికి లేని ఆటంకము, అతని ఆవలియొడ్డు వియ్యంకునికి కలిగెను. నిర్మలా బుచ్ ఆంధ్రముతో కూడ అయిదు రాష్ట్రములలో పరిశీలించి, ఇట్టి చట్టములవలన బిడ్డలను దత్తత కిచ్చుటయు, భార్యలను విడనాడుటయు జరిగినట్లు 2005లో ప్రకటించిరి. పదవి పురుషునిది, పరిహారము తల్లిదియు బిడ్డదియు!

ఇంతకు నా చట్టము సాధించినదేమి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారము 1992–93లోనే, అనగా చట్టమునకు ముందే, స్త్రీ కొకతెకు సగటు సంతానము ఆంధ్రమున 2.6, తమిళనాట 2.5. 2019–21 నాటికి ఆంధ్రమున 1.7, ఏ నియమమును లేని తమిళనాట 1.8. బాలికల చదువు, శిశుమరణముల తగ్గుదల, ఆసుపత్రుల సౌకర్యము ఇరుప్రక్కల నొకేరీతిగ పనిచేసినవని తలపవలెను.

2024 అక్టోబరున ఇరు రాష్ట్రముల ముఖ్యమంత్రులును అధిక సంతానమును గూర్చి ప్రస్తావించిరి. మరుసటి నెలలో ఆంధ్ర శాసనసభ ఆ అనర్హత నిబంధనను తొలగించెను.