మెనూ కార్డు మీద స్టిక్కరు

హోటల్లో మెనూ కార్డు చేతికి రాగానే నేను ముందు చూసేది ఐటమ్స్ కాదు, ధరల మీద అతికించిన తెల్ల స్టిక్కర్లు. వీలైతే గోటితో మెల్లగా గీకి కింద పాత రేటెంతో కూడా చూస్తాను. (మా ఆవిడ ఆ కాసేపూ నేనెవరో తెలీనట్టు పక్కకి చూస్తుంటుంది.) వృత్తి రోగం లెండి. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చూడందే నిద్రపట్టని జాతి కదా మనది!

ధర మార్చడానికయ్యే ఖర్చుకి ఎకనామిక్స్‌లో ఏకంగా 'మెనూ కాస్ట్' అనే పేరే ఉంది. అమెరికాలో పెద్ద సూపర్ మార్కెట్ల మీద 1997లో వచ్చిన ఒక పేపర్లో లెక్క కట్టారు. లేబుళ్ళు అచ్చేసి, అతికించి, తప్పులు దిద్దుకోడానికి ఒక్కో షాపుకి ఏడాదికి లక్ష డాలర్ల పైనే అవుతోందట. నికర లాభంతో పోలిస్తే మూడోవంతు! మరి హోటలువాడు కొత్త కార్డు వేయించకుండా స్టిక్కర్‌తో సరిపెట్టుకున్నాడంటే తప్పేముంది?

మన పాత హోటళ్ళలో ఈ గోలేం లేదు. "వేడిగా ఏమున్నాయి?" అంటే చాలు, "ఇడ్లీ వడ పూరీ ఉప్మా పెసరట్టు మసాలాదోశ" అని గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. లోపల వడ అయిపోతే మరుక్షణం జాబితాలోంచి వడ మాయం. మనం ఇన్ని డేటా సెంటర్లు కట్టుకుని కిందామీదా పడుతున్న రియల్ టైమ్ సింక్‌ని ఆ మనిషి భుజాన తువ్వాలుతో చేసేవాడు. ఆయన్ని పిలిచేది కూడా 'సర్వర్' అనే :) ఒకటే లోపం, లాగ్ లేదు. 1960లో బెజవాడలో ఆ సర్వర్ ఏం చదివాడో, ఎంత రేటు చెప్పాడో గాల్లో కలిసిపోయింది.

కాగితం మెనూ సంగతి వేరు. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో పారిస్‌లో రెస్టారెంట్లు మొదలయ్యాక అది వాడుకలోకొచ్చింది. అంతకుముందు అక్కడ కూడా మన మెస్సుల్లాగే, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, పెట్టింది తిని, ఒకటే రేటు ఇచ్చి లేచేవాళ్ళు. రెస్టారెంటువాడు ఒక్కో వంటకం పక్కన ఒక్కో ధర వేశాడు. ఆ కాగితం మర్నాటికే పాతబడొచ్చు, కానీ మిగిలుంటుంది.. ఎవరైనా దాస్తే.

దాచిందొకావిడ. పేరు ఫ్రాంక్ బటాల్ఫ్ (మగవాడనుకునేరు, మిస్ బటాల్ఫ్). 1900లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ కోసం మెనూ కార్డులు సేకరించడం మొదలుపెట్టింది. హోటళ్ళకి ఉత్తరాలు రాసి, పత్రికల్లో ప్రకటనలిచ్చి, 1924లో పోయేనాటికి 25 వేలకి పైగా పోగేసింది. 2011లో లైబ్రరీ వాటిని నెట్లో పెట్టింది. ఆ వంకర అచ్చునీ చేతిరాతనీ చదవడం సాఫ్ట్‌వేర్ వల్ల కాక, జనాన్నే టైపు చెయ్యమని అడిగింది. జనం కూడా పది లక్షలకి పైగా వంటకాల ఎంట్రీలు ధరలతో సహా కొట్టిపెట్టారు!

ఈ చెత్తంతా దేనికని అడిగేవాళ్ళకి హవాయి కథ చెప్పాలి. అక్కడ చేపల వేటకి సంబంధించి ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో సర్కారీ లెక్కలు చాలా ఏళ్ళకి లేవు. సైంటిస్టులు ఏం చేశారో తెలుసా? టూరిస్టులు గుర్తుగా ఇంటికి పట్టుకెళ్ళిన పాత మెనూ కార్డులు పట్టుకున్నారు. 1928 నుంచి 1974 దాకా, 154 రెస్టారెంట్లవి, మొత్తం 376 కార్డులు. 1940కి ముందు కార్డుల్లో ఒడ్డు దగ్గర దొరికే చేపలు బోలెడు. 1959కల్లా అవి పదిశాతం కార్డుల్లో కూడా లేవు. ట్యూనా లాంటి నడిసముద్రం చేపలు వాటి చోటులోకి వచ్చేశాయి. ఈ సంగతి 2013లో పేపర్‌గా వేశారు. ప్రభుత్వం రాసుకోని లెక్కని హోటళ్ళు తెలీకుండా రాసిపెట్టాయన్నమాట.

ఇక మన కాలానికొస్తే, జొమాటో మొదలైందే మెనూ కార్డులతో. 2008లో ఢిల్లీలో దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా ఆఫీసులో అందరూ చూసుకునే మెనూ కార్డుల్ని స్కాన్ చేసి నెట్లో పెట్టారు. అప్పటి పేరు ఫుడీబే. అప్పుడది ఒకరకంగా బటాల్ఫ్ పనే. తర్వాత డెలివరీ వచ్చింది, మెనూ కాస్తా డేటాబేస్‌లో వరస అయింది. ధర మారిస్తే పాతదాని మీద కొత్తది పడుతుంది, అంతే. కంపెనీ సర్వర్లలో చరిత్ర ఉంటే ఉండొచ్చుగాక, మీకూ నాకూ కనబడదు.

పైగా ఆ వరస ఎవరి చేతిలో ఉంది? అమెరికాలో కాన్సస్‌లో ఒక పిజ్జా షాపుని ఓనర్‌ని అడక్కుండానే డోర్‌డ్యాష్ తన యాప్‌లో పెట్టేసిన వైనం 2020లో బయటికొచ్చింది. 24 డాలర్ల పిజ్జా యాప్‌లో 16 డాలర్లే. ఓనర్ తన పిజ్జాలే పది ఆర్డర్ చేసి 160 కట్టి, అదే కంపెనీ నుంచి 240 పుచ్చుకున్నాడు :)) కాలిఫోర్నియాలో మాత్రం 2021 నుంచి రెస్టారెంటు ఒప్పందం లేకుండా యాప్‌లో పెట్టకూడదని చట్టం వచ్చింది.

మా వీధి టిఫిన్ సెంటర్ ఆయనకి అంత తెలివి చూపించే అవకాశం లేదు పాపం. పొద్దున తొమ్మిదింటికి పెసరట్టు పిండి అయిపోతుంది. పెనం ముందు నిలబడి, పిండి చేతులతో ఫోన్లో దాన్ని ఆపేలోపు నాలుగు ఆర్డర్లు పడతాయి. కాదంటే రేటింగ్ పోతుంది. గోడ మీద పలకైతే తడిగుడ్డతో ఒక్క తుడుపు.

2020లో కరోనా పుణ్యమా అని బల్లలమీదకి క్యూఆర్ కోడ్లొచ్చాయి. జపాన్‌లో 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టిన గళ్ళ బొమ్మ మన బిర్యానీ దాకా వచ్చింది. మెనూ కాస్ట్ దాదాపు సున్నా. కానీ అప్పటి కోడ్‌ని ఇప్పుడు స్కాన్ చేస్తే వచ్చేది ఇప్పటి ధర, లేదంటే 404.

గోదావరిలో పులస తగ్గిపోయిందని ఏటా అనుకుంటూనే ఉన్నాం. 1980లో రాజమండ్రి హోటల్లో పులస పులుసు ప్లేటెంతో, ఏ నెలదాకా వడ్డించేవాళ్ళో చెప్పే కాగితం ఎవరి దగ్గరుంది? మీ అటక మీద పాత ట్రంకు పెట్టెలో ఏ హోటల్ మెనూ కార్డో, పెద్దవాళ్ళు దాచిన బిల్లో కనబడితే మటుకు పారెయ్యకండి. వెనకవైపు ఊరు, ఏడు పెన్సిల్‌తో రాసి, రెండువైపులా ఫోటో తీసి పెట్టండి.