కామ్‌రేజ్ సీమలో జనసంఖ్య, ఆదాయము

సూరత్ నగరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, తపతీనదీ తీరమున నున్న కామ్‌రేజ్ నేటి ప్రయాణికులకు జాతీయ రహదారిపై నొక రద్దీకూడలి మాత్రమే. కాని క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథము 'పెరిప్లస్' పేర్కొన్న 'కమ్మోని' యిదియేనని కొందఱు పండితుల యభిప్రాయము. 2003లో జరిగిన త్రవ్వకములలో పారశీక సింధుశాఖ నుండి వచ్చిన కూజాల పెంకులు బయల్పడినవి. 7వ శతాబ్దిలో లాటదేశము నేలిన నవసారి చాళుక్యుల శాసనములలో దీని పేరు కర్మణేయము. ఈ చాళుక్యులు తెలుగువారికి పరాయివారు కారు. వేంగీరాజ్య స్థాపకుడగు కుబ్జ విష్ణువర్ధనుడు, నవసారి శాఖకు మూలపురుషుడగు ధరాశ్రయ జయసింహవర్మకు సాక్షాత్తు పినతండ్రి.

రేవు పోయినది, సేద్యము మిగిలినది. తరువాతి కాలమున కామ్‌రేజ్ బరోడా సంస్థానములో నవసారి ప్రాంతమునకు చెందిన తాలూకా యయ్యెను. 1891లో 24 లక్షల 15 వేలున్న సంస్థాన జనాభా, 1901 నాటికి 19 లక్షల 52 వేలకు దిగజాఱెను. గుజరాతీలు నేటికిని 'ఛప్పనియా' యని తలచుకొను 1899–1900 నాటి క్షామమే యిందులకు ముఖ్యకారణము. నవసారి ప్రాంతమున వానలు కొంత మేలగుటచే నష్టము స్వల్పము. సంస్థానము మాత్రము 1891 నాటి సంఖ్యను మరల దాటుటకు 1931 వఱకు వేచియుండవలసి వచ్చెను.

ఇవి తలల లెక్కలు. గింజల లెక్క వేఱు. ఈ సీమలో భూమి అనావిల బ్రాహ్మణుల చేతను, పాటీదార్ల చేతను ఉండగా, నాగలి పట్టినవారు దుబ్లాలు. పెండ్లికై చేసిన అప్పుతో దుబ్లా యజమానికి 'హాళీ' యగును. ఆ అప్పు తీఱుట అరుదు. కూలి గింజలు, ఒకపూట తిండి, ఏటికొక బట్ట, ఇదియే వాని ఆదాయము. యుద్ధకాలమున ప్రత్తి ధర పెరిగినను వాని గింజలు పెరుగలేదు. వీరిని 'హళపతులు' అని పిలువవలెనని గాంధీజీ సూచించెను. పేరు మాఱినంత త్వరగా బ్రతుకు మాఱలేదు.

1949 మే 1న బరోడా బొంబాయి రాష్ట్రమున విలీనమయ్యెను. పిదప కాక్రాపార్ ఆనకట్టయు, 1972లో పూర్తియైన ఉకాయ్ జలాశయమును కాలువనీరు తెచ్చెను. జొన్న, ప్రత్తి చేలు చెఱకు తోటలయ్యెను. సహకార చక్కెర కర్మాగారములు లేచినవి. రైతు పెంకుటింటిపై మేడ లేచినది. కాని చెఱకు నఱకుటకు కర్మాగారములు ఇరుగుపొరుగు హళపతులను గాక, ఖాందేశ్, డాంగ్ సీమల నుండి ముఠాలను రప్పించెను. పరాయివాడు పని విడిచి పోలేడు, బేరమాడలేడు, రహస్యమింతియే. దంపతులిద్దఱు ఒక కత్తి లెక్క. బిడ్డలు గుడారము నొద్ద.

1961లో రెండు లక్షల ఎనుబది వేలకు మించిన సూరత్, 2011 నాటికి 44 లక్షలు దాటెను. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు ఆ నగరపు మరమగ్గములకు చేరినవారే. నగరము పెరుగగా కామ్‌రేజ్ పొలములకు ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చినది. 2020లో ఈ తాలూకాలోని కఠోర్ మున్నగు గ్రామములు సూరత్ నగరపాలక సంస్థలో కలిసినవి. భూమి యమ్మినవానికి ధనము వచ్చెను. భూమిలేని హళపతికి అమ్ముటకేమున్నది?

2011 జనగణన ఫిబ్రవరి మాసమున సాగినది. చెఱకు నఱకు పని ముమ్మరముగా నుండు మాసమదియే. ఇండ్లు లేనివారిని లెక్కించుటకు ఆ నెల 28వ తేదీ రాత్రి యొక్కటియే నియతమై యుండెను.