మన వెదురు పిచ్చుక

ఊరి చరిత్ర రాసేవాళ్ళు శాసనాలు, గుళ్ళు, దండకవిలెలు వెతుకుతారు. ఒక పిట్ట పేరుకూ ఆ వరసలో చోటివ్వాలని నా వాదన. ఇంగ్లీషులో కామన్ రోజ్‌ఫించ్ అనే ఈ పిట్ట హిమాలయాల్లోనూ, సైబీరియా దాకా ఉన్న ఉత్తరపు అడవుల్లోనూ గూడు కట్టి, చలికాలానికి మన వైపు దిగుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862–64 మధ్య వెలువరించిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో దీనికి తెలుగు పేర్లు రెండు ఎక్కించాడు: వెదురు పిచ్చుక, వెదురు జినువాయి. వెదురు అనే మాట ఆయన చెవికి ‘ఎద్రు’ అని వినబడింది. దక్షిణాదిన ఇది వెదురు పొదల్లోనే ఎక్కువ తిరుగుతూ వెదురు బియ్యం తింటుందనీ, తెలుగు పేరు అందుకే వచ్చిందనీ రాశాడు.

చిన్న పిట్ట ప్రతిదాన్నీ పిచ్చుకే అంటాం కదా, ఇందులో చరిత్ర ఏముందని అడగవచ్చు. కానీ రెండో పేరు చూడండి. జినువాయి కూడా గింజలు ఒలుచుకు తినే లావు ముక్కు పిట్టే. ఆ ముక్కునూ, తినే తిండినీ, వాలే చెట్టునూ దగ్గరగా చూసినవాళ్ళే ఇలా పేరు పెట్టగలరు. ముదిరిన మగపిట్టకే తలా రొమ్మూ గులాబీ ఎరుపు. ఆడవీ పిల్లవీ గోధుమరంగు చారలతో ఊరపిచ్చుకల్లాగే ఉంటాయి. అయినా వేరని పట్టుకున్నారు. జెర్డన్ నెల్లూరులో ఉన్నాడు, ఆ పేరు అక్కడిదై ఉండవచ్చు, మన ఊరు తిరువూరుకేం సంబంధం అనేది ఇంకా గట్టి ప్రశ్న. ఈ పేరు మన ఊళ్ళోనే పుట్టిందని నేననడం లేదు. వెదురు ఉన్నచోటల్లా చెల్లే పేరది. కృష్ణా మైదానం ముగిసి ఖమ్మం అడవి సీమ మొదలయ్యే అంచున ఉన్న ఊరు మనది. వెదురు నరికి, చీల్చి, తట్టలూ చాటలూ అల్లే మేదరుల పని ఈ సీమకు కొత్త కాదు.

మరి ఆ పిట్ట మన ఊళ్ళో ఇప్పుడెందుకు కనబడదంటే, వెదురు కొన్ని దశాబ్దాలకొకసారి గుంపుగా పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. గింజ లేని ఏడు పిట్ట మర్రిపండ్ల మీదికో, వేరే గింజల మీదికో పోతుంది. పైగా చుట్టుపక్కల నేలంతా మామిడి తోటలు, జామాయిల్, సుబాబుల్ అయింది. పిట్ట రాకపోయినా పేరు బతికి ఉంటే అదే ఆధారం. కడప లంకమల అడవుల్లో కలివికోడి 1986లో మళ్ళీ దొరికిందంటే, దాన్ని ఎరిగిన స్థానిక వేటగాళ్ళ సాయం అందులో ఉంది. అది కూడా చెట్టు పేరు మోసే పిట్టే. అందుకే ఒక్క మాట: డిసెంబరు నుంచి మార్చి దాకా కట్టలేరు ఒడ్డున వెదురు పొద కనబడితే కాసేపు ఆగండి. అంతకంటే ముందు, మీ ఇంటి దగ్గర తట్టలల్లే పెద్దాయన్ని ఆ పిట్ట పేరు అడిగి, ఆయన పలికినట్టే రాసి పెట్టండి.