ఊళ్లో ఒక గేరు, రహదారి మీద మరొకటి

భిలాయి ఉక్కు నగరానికి ఆనుకుని ఉన్న జాముల్‌లో 1965లో సిమెంటు కర్మాగారం వెలిసింది. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము తీసుకోగా మిగిలే స్లాగు ఇక్కడ సిమెంటులో కలుస్తుంది. బస్తాల లోడుతో ఒక లారీ ఇక్కడి నుంచి రాయపూర్ వైపు బయలుదేరిందనుకుందాం. ముందు కర్మాగారం గేటు, తర్వాత సైకిళ్లు, కూడళ్లు, ఎదురొచ్చే లారీలు. ఆ తర్వాత విశాలమైన జాతీయ రహదారి. ఊరు దాటేవరకూ డ్రైవరు ఎడమ చెయ్యి గేరు రాడ్డును వదలదు. మొదటి గేరు, రెండు, మూడు, మళ్లీ రెండు. రహదారి ఎక్కి పై గేరులో పడ్డాక అదే చెయ్యి చాలాసేపు ఖాళీగా ఉంటుంది.

ఈ ఎడమ చేతి పనిని యంత్రానికి అప్పగించాలన్నది పాత ఆలోచనే. కారు కంటే ముందు అది ఓడల్లో మొదలైంది. యంత్రం ఆ పని నేర్చుకుంది కూడా. కానీ నేర్చుకున్న తర్వాత కూడా తయారీదారులు గేరు మీట దగ్గర ‘ఊళ్లో ఇది, రహదారి మీద అది’ అని డ్రైవరుకు ఎంపిక ఎందుకు వదిలిపెట్టారు? ఆ చరిత్ర ఆసక్తికరమైనది.

గేర్లు అసలెందుకో ఒక్క మాటలో చూద్దాం. కొండ ఎక్కేటప్పుడు మనం చిన్న చిన్న అడుగులు వేస్తాం, చదునైన దారిలో బారలు చాస్తాం. కాళ్ల బలం ఒకటే, వాడుకునే తీరు వేరు. ఇంజను కూడా అంతే. నిమిషానికి కొన్ని వందల చుట్లకంటే తక్కువ తిరిగితే అది ఆగిపోతుంది. చక్రమేమో నిలిచిన స్థితి నుంచి కదలాలి. ఇంజను ఎక్కువ చుట్లు తిరిగి, చక్రం తక్కువ తిరిగితే చక్రానికి బలం పెరుగుతుంది. అది కింది గేరు. చక్రం వేగంగా తిరుగుతూ ఇంజను నింపాదిగా ఉంటే ఇంధనం మిగులుతుంది. అది పై గేరు.

20వ శతాబ్దం మొదట్లో ఓడల్లోకి ఆవిరి టర్బైను వచ్చింది. అది చాలా వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది. ఓడ ప్రొపెల్లరు నెమ్మదిగా తిరిగితేనే నీటిని చక్కగా నెడుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే పని జర్మనీలోని స్టెట్టిన్ ఓడల నిర్మాణశాలలో పనిచేసే హెర్మన్ ఫొటింగర్ అనే ఇంజనీరుకు తగిలింది. ఆయన 1905లో పేటెంటు తీసుకున్న ఉపాయంలో పళ్లచక్రాలే లేవు. ఒక పెట్టెలో ద్రవం, అందులో రెక్కలున్న రెండు చక్రాలు. ఒకటి తిరిగి ద్రవాన్ని విసురుతుంది, ఆ ద్రవం రెండోదాన్ని తిప్పుతుంది. గిన్నెలో సాంబారును గరిటెతో గుండ్రంగా తిప్పితే పైన తేలే కరివేపాకు కూడా తిరుగుతుంది కదా, గరిటె దాన్ని తాకకపోయినా! ఈ రెండు చక్రాల మధ్య కదలకుండా నిలిచిన మూడో రెక్కల వరస పెడితే, తిరిగి వచ్చే ద్రవం దిశ మారి మొదటి చక్రానికి తోడ్పడుతుంది. అప్పుడు తిప్పుడు బలం, అంటే టార్క్, రెట్టింపు దాకా పెరుగుతుంది. ఇదే టార్క్ కన్వర్టరు. మూడో వరస లేనిది ఫ్లూయిడ్ కప్లింగ్. అది బలాన్ని పెంచదు, మెత్తగా అందిస్తుంది, అంతే.

ఇంగ్లండులో డైమ్లర్ కంపెనీ 1930లో ఫ్లూయిడ్ కప్లింగ్‌ను కార్లలో వాడింది. దానికి జతగా పెట్టిన గేరుబాక్సు వాల్టర్ విల్సన్‌ది. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకును రూపొందించిన వారిలో ఆయన ఒకడు. ఈ గేరుబాక్సులో ఒక తమాషా ఉంది. డ్రైవరు తనకు తర్వాత కావలసిన గేరును ముందే మీటతో ఎంచి పెట్టుకుంటాడు. సమయం వచ్చినప్పుడు పెడలు ఒక్కసారి నొక్కితే గేరు పడుతుంది. లండన్ బస్సుల్లో ఇది చాలా ఏళ్లు నడిచింది. మార్చే శ్రమ యంత్రానిది, ఎంచే తెలివి మనిషిది అన్న ఈ పంపకం నాకు చాలా నచ్చుతుంది. తర్వాత వచ్చినవాళ్లు తెలివిని కూడా యంత్రానికే ఇవ్వబోయారు.

అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్ అప్పటికే పేరున్నవాడు. గేర్లు గరగరలాడకుండా కలిసేలా చేసే సింక్రోమెష్ ఆయన ఆలోచనే. 1928లో అది కాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆయన బృందం 1930లంతా కష్టపడి తయారుచేసినది హైడ్రామాటిక్. 1939లో ప్రకటించి 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమ్మారు. అదనపు ధర 57 డాలర్లు. క్లచ్చు పెడలు లేదు. ఫ్లూయిడ్ కప్లింగ్ వెనుక నాలుగు గేర్లు, వాటిని మార్చేది నూనె పీడనం.

నూనెకు ఎలా తెలుస్తుంది, ఎప్పుడు మార్చాలో? చక్రాల వైపు ఇరుసుతో పాటు తిరిగే గవర్నరు ఒకటుంటుంది. కారు వేగం పెరిగేకొద్దీ అందులోని బరువులు బయటికి జరిగి ఒక నూనె పీడనాన్ని పెంచుతాయి. ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ పెట్టిన గవర్నరుకు ఇది మునిమనవడన్నమాట. ఇక రెండో పీడనం యాక్సిలరేటరును ఎంత నొక్కామో దాన్నిబట్టి మారుతుంది. ఈ రెండూ ఒక వాల్వును చెరోవైపు నుంచి నెడతాయి. వేగం గెలిస్తే పై గేరు, కాలు గెలిస్తే కింది గేరు. కాబట్టి గంటకు 30 కిలోమీటర్ల వేగంలో తేలిగ్గా తొక్కే పెద్దాయనకు పై గేరు పడుతుంది. అదే వేగంలో ఓవర్‌టేక్ చెయ్యాలని గట్టిగా తొక్కే కుర్రవాడికి కింది గేరే ఉంటుంది. కంప్యూటరు అన్న మాట ఇంకా యంత్రాలకు అంటని రోజుల్లో, స్ప్రింగులతో, నూనెతో చేసిన లెక్క ఇది!

యుద్ధకాలంలో ఈ గేరుబాక్సు ట్యాంకుల్లోకి వెళ్లింది. ఎం5 స్టూవర్ట్ తేలిక ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లు, రెండు హైడ్రామాటిక్‌లు ఉండేవి. 1948 నవంబరు 1న కాశ్మీరులోని జోజిలా కనుమను భారత సైన్యం తిరిగి పట్టుకున్నప్పుడు, దాదాపు పదకొండున్నర వేల అడుగుల ఎత్తుకు ఎక్కి శత్రువును నివ్వెరపరచినవి 7వ లైట్ కావల్రీ వారి స్టూవర్టులే.

ఇంత తెలివైన యంత్రానికి ఒక లోటుంది. దానికి తెలిసినవి రెండే సంగతులు. ఇప్పుడు వేగమెంత, కాలు ఎంత నొక్కింది. రెండూ ఈ క్షణానికి సంబంధించినవే. ముందున్న మలుపు, ఎదుటి ఎర్రదీపం, దిగబోయే వాలు దానికి కనిపించవు. రద్దీ వీధిలో కాలు కాస్త తేలిక కాగానే అది నాలుగో గేరు వేస్తుంది. మరుక్షణం నొక్కితే మూడుకు దిగుతుంది, మళ్లీ నాలుగు. ఇక ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చూడండి. వాలు వల్ల వేగం పెరుగుతోంది, డ్రైవరు కాలు తీసేశాడు. గవర్నరు లెక్క ప్రకారం ఇది పై గేరు వెయ్యవలసిన సమయం! వేస్తుంది. ఇంజను పట్టి ఆపే బలం సరిగ్గా కావలసిన చోటే తగ్గిపోతుంది.

మొదటి హైడ్రామాటిక్‌లో న్యూట్రల్, హై, లో, రివర్సు అని నాలుగే స్థానాలు. ‘లో’లో పెడితే మొదటి రెండు గేర్లే. అది మరీ తక్కువ. ‘హై’లో పెడితే అన్నీ యంత్రం ఇష్టం. మధ్య దారి లేదు. ఈ కొరతను 1952 మోడళ్లలో తీర్చారు. కాడిలాక్, పాంటియాక్ కార్లలో ‘డ్రైవ్’ అన్న గుర్తుకు రెండు పక్కలా రెండు సూచికలు చేరాయి. ఒక వైపు పెడితే నాలుగు గేర్లూ వాడుకుంటుంది. అది రహదారికి. రెండో వైపు పెడితే, వేగం బాగా ఎక్కువైతే తప్ప మూడో గేరును దాటదు. అది ఊరి రద్దీకి, కొండదారికి. ఓల్డ్స్‌మొబైల్ వారు రెండోదానికి ‘ఎస్’ అని వేరే అక్షరమే ఇచ్చారు. తేడా చిన్నదేమీ కాదు. మూడో గేరులో చక్రం ఒక చుట్టుకు ఇంజను నాలుగో గేరులో కంటే సుమారు 1.45 రెట్లు తిరుగుతుంది. కాబట్టి కాలు కదపగానే బండి స్పందిస్తుంది, కాలు తీస్తే ఇంజనే పట్టి ఆపుతుంది. గేరు మార్చటం యంత్రానికే ఉంచి, ఎంతవరకు మార్చాలో హద్దు గీసే పనిని మనిషికి తిరిగి ఇచ్చారన్నమాట.

ఇదే కాలంలో బ్యూయిక్ వారు వేరే దారి పట్టారు. 1948 డైనాఫ్లోలో గేర్లు తమంతట తాము మారే పనే లేదు, అంతా టార్క్ కన్వర్టరు మీదే. ఊళ్లో వెన్నలా నడిచేది. కానీ కన్వర్టరులో రెండు చక్రాల వేగాల మధ్య తేడా ఉన్నంతసేపూ కొంత శక్తి నూనెను వేడి చెయ్యటానికే పోతుంది. పెట్రోలు బాగా తాగేది.

ఎవరికి తోచిన దారి వారిది అయ్యేసరికి మీట మీది అక్షరాలు కూడా ఎవరికి తోచినట్టు వారు పెట్టుకున్నారు. క్రైస్లర్ 1956 నుంచి మీటే తీసేసి బొత్తాలు పెట్టింది, 1964 మోడళ్ల దాకా ఆ పద్ధతే నడిచింది. జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో ‘లో’ పక్కనే రివర్సు ఉండేది. బురదలో దిగబడితే ముందుకూ వెనక్కూ ఊపి తియ్యటానికి అది వీలు. ఫోర్డు కార్లలో రివర్సు న్యూట్రల్‌కు అవతల ఉండేది. ఒక కారుకు అలవాటుపడిన చెయ్యి మరో కారులో కూర్చుంటే? వేగం తగ్గించాలని మీటను చివరికి లాగితే రివర్సు పడుతుంది. ముందుకు వెళ్లాలనుకున్నవాడు వెనక ఉన్న మనిషి మీదికి పోతాడు. రాల్ఫ్ నాడర్ 1965లో కార్ల భద్రత మీద రాసిన ప్రసిద్ధ పుస్తకంలో ఈ గందరగోళాన్ని కూడా ఎండగట్టాడు. 1968 జనవరి 1 నుంచి అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం ముందుకు నడిచే స్థానాలకూ రివర్సుకూ మధ్య న్యూట్రల్ తప్పనిసరి అయింది. ఇవాళ మన దేశంలో అమ్మే ఆటోమేటిక్ కార్లలో కనిపించే పి, ఆర్, ఎన్, డి వరస వెనుక ఇంత కథ ఉంది.

1973 చమురు సంక్షోభం రహదారి వైపు తూకాన్ని మొగ్గించింది. నేరు గేరు పైన ఓవర్‌డ్రైవ్ వచ్చింది. అందులో ఇంజను చుట్లకంటే చక్రాల వైపు ఇరుసు చుట్లే ఎక్కువ. వేగం నిలకడగా ఉన్నప్పుడు టార్క్ కన్వర్టరు రెండు చక్రాలనూ గట్టిగా బిగించి నూనెలో పోయే నష్టాన్ని ఆపే లాకప్ క్లచ్చు కూడా వ్యాపించింది. దాంతో ఊరి సమస్య మళ్లీ తలెత్తింది. మీట పక్కన ‘ఓవర్‌డ్రైవ్ ఆఫ్’ అని ఒక బొత్తం వెలిసింది. 1952 నాటి రెండో సూచిక చేసిన పనే ఇదీ చేస్తుంది.

మన దేశంలో 1980ల వరకూ ఆటోమేటిక్ కారు దాదాపు కనిపించలేదు. కానీ ఇదే చిక్కును మనవాళ్లు పట్టాల మీద ఎదుర్కొన్నారు. భిలాయి లాంటి చోట రైలింజనుకు రెండు బతుకులు. మార్షలింగ్ యార్డులో వ్యాగన్లను నెమ్మదిగా, బలంగా నెట్టాలి. లైను మీద పరుగెత్తాలి. రైల్వే ఇంజనీరు మన్‌మోహన్ సూరి దీనికి తన పేరుమీదే ప్రసిద్ధమైన సూరి ట్రాన్స్‌మిషన్‌ను రూపొందించాడు. బయలుదేరేటప్పుడు టార్క్ కన్వర్టరు లాగుతుంది. వేగం అందుకున్నాక శక్తి దాన్ని తప్పించుకుని నష్టం తక్కువైన మరో దారిన వెళుతుంది. 1962లో ఆయనకు భట్నాగర్ బహుమతి వచ్చింది. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకు ఆయన డైరెక్టరుగా ఉన్నప్పుడే స్వరాజ్ ట్రాక్టరు రూపకల్పన మొదలైంది. చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ ఇంజన్లలో ఈ సూరి ట్రాన్స్‌మిషన్ వాడారు. వాటిలో యార్డు పనికి ఒక గేరు, లైను ప్రయాణానికి మరో గేరు. ఆ ఎంపిక డ్రైవరుదే!

సామాన్యుడి చేతికి మాత్రం ఇది 1984లో కైనెటిక్ హోండా స్కూటరుగా వచ్చింది. బెల్టు, వ్యాసం మారే కప్పీలు, అంతే. గేర్లే లేవు కనుక ఎంచుకునే పనీ లేదు. కార్లలో ఆటోమేటిక్ మధ్యతరగతికి అందింది 2014లో మారుతి సెలేరియోతో. అందులో టార్క్ కన్వర్టరు లేదు. మామూలు గేరుబాక్సునే, మామూలు క్లచ్చునే యంత్రం చేత మార్పిస్తారు. దాని మీట మీద కూడా ‘డి’ పక్కన ‘ఎం’ ఉంది. ‘ఎం’లో గేరు మనం ఎంచుకోవచ్చు.

2013లో రోల్స్ రాయిస్ వారు ఉపగ్రహాల సాయంతో ముందున్న మలుపును పటంలో చూసి గేరు వేసే కారును తెచ్చారు. అంత సొమ్ము పెట్టలేనివారికి ‘ఎం’ ఎందుకో తెలియాలంటే తిరుమల నుంచి దిగుతూ చిన్న లెక్క వేసుకోవచ్చు. దిగేందుకు వాడేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు. మనుషులతో కలిపి కారు బరువు 1,400 కిలోలు, దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు అనుకుందాం. ఈ రెంటినీ, భూమ్యాకర్షణ త్వరణం 9.8నూ గుణిస్తే 96 లక్షల జౌళ్లు వస్తుంది. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకోగా మిగిలినదంతా వేడిగా ఎక్కడో ఒకచోట దిగాలి. 30 డిగ్రీల నీటిని మరిగే స్థితికి తేవటానికి లీటరుకు సుమారు 2.93 లక్షల జౌళ్లు కావాలి. అంటే 30 లీటర్లకు పైగా నీటిని మరిగించే వేడి. రెండో గేరులో దిగితే అందులో పెద్ద భాగాన్ని ఇంజను రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా బయటికి పంపుతుంది. పై గేరులో దిగితే ఆ భారం నాలుగు చక్రాల దగ్గరున్న కొద్ది కిలోల ఇనుము మీద పడుతుంది.