కాగడా వెలుగులో మనసు

నాటకంలో నటుడి గొంతు వింటాం, అభినయం చూస్తాం. వెలుగు చేసే పని మాత్రం గమనించం. పాత్ర మనసులోని భయాన్నీ బాధనూ దీపంతో చూపడం కరెంటుతో వచ్చిన విద్య అనుకుంటాం. కాని మన పల్లెలకు అది కొత్త కాదు.

కూచిపూడి భాగవతులు రాత్రిపూట ఆరుబయట, కాగడాల వెలుగులో ఆడేవారు. ముఖ్యపాత్ర ప్రవేశంలో కాగడాపై గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేది. రాక్షసపాత్ర నోరు విప్పకముందే దాని ఆగ్రహం జనానికి తెలిసిపోయేది. తోలుబొమ్మలాటలోనూ అంతే. బొమ్మను తెరకు ఆనిస్తే రూపు స్పష్టం. దీపం వైపు జరిపితే నీడ పెరిగి, మసకబారి, గుబులు పుట్టిస్తుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి పూనికతో ఆడిన 'కీచకవధ' సురభి నాటకాలకు నాంది. ఆ తరువాతి కాలంలో ఊరూరా పద్యనాటకాలకు పెట్రోమాక్సు లైట్లు వచ్చాయి. కాని ఆ తెల్లని వెలుగు తెర లేచింది మొదలు దిగేదాకా ఒక్కతీరే. విరహమైనా, శోకమైనా మోయవలసింది రాగమే. దీపమంటే ముఖం కనబడడానికే అన్న అలవాటు మనకు అలా పడిందేమో!

పొరుగున బెంగాలీలు మరో దారి పట్టారు. 1959లో కలకత్తా మినర్వా థియేటర్లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకానికి తాపస్ సేన్ దీపాలు అమర్చారు. బొగ్గుగని నీట మునగడాన్ని చుక్క నీరు లేకుండా, వెలుగునీడలతోనే చూపి ప్రేక్షకులకు ఊపిరాడకుండా చేశారు.

మనం స్థిరపడిన ఆస్ట్రేలియా కూడా ఈ కళలో తక్కువది కాదు. ఇక్కడి నైజెల్ లెవింగ్స్ బ్రాడ్వేలో ఆడిన 'లా బొహెమ్'కు దీపాలంకరణ చేసి 2003లో టోనీ అవార్డు అందుకున్నారు. ఆ సంగీతనాటకంలో ప్రేమ మొదలయ్యేదే కొవ్వొత్తి ఆరిపోయిన చీకటిలో!

మన పండుగ నాటకాలకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కింది నుంచి పడే వెలుగు ముఖాన్ని భయంకరం చేస్తుంది. పక్క నుంచి పడేది ముడతలనూ, అలసటనూ చూపుతుంది. నీలికాంతి ఏకాంతం, పసుపుకాంతి ఇంటి వెచ్చదనం. తల్లి ఉత్తరం చదివే ఘట్టంలో చుట్టూ ఉన్న దీపాలను మెల్లగా తగ్గించి చూడండి. మన భాష సగమే అర్థమయ్యే మన పిల్లలకు కూడా ఆ తల్లి మనసు పూర్తిగా అర్థమవుతుంది.

కనుక వచ్చే ఉగాది నాటకానికి దీపాలు చూసే మనిషిని కూడా మొదటి రిహార్సల్ నుంచే పిలుద్దాం. కాగడా పట్టినవాడూ ఆ మేళంలో ఒకడే కదా!